సెయిన్స్‌బరీస్ 2014 క్రిస్మస్ ప్రకటన: సమీక్ష

ప్రేక్షకులకు నమస్కారం. ఈ రోజు మనం సమీక్షించుకోబోయేది సినిమా కాదు, ఒక వాణిజ్య ప్రకటన. బ్రిటన్‌లోని సెయిన్స్‌బరీస్ సూపర్ మార్కెట్ సంస్థ 2014 నవంబరులో విడుదల చేసిన ఈ క్రిస్మస్ ప్రకటన నిడివి మూడు నిమిషాలు దాటుతుంది. పండుగ పేరు చెప్పి సరుకు అమ్ముకునే వ్యాపారి ఆ పండుగకు ఎంత మర్యాద ఇవ్వాలన్న ప్రశ్నకు, నేను చూసిన ప్రకటనల్లో ఇంత నిండైన జవాబు మరొకటి లేదు.

ఈ ప్రశ్న అమెరికాలో చాలాకాలంగా నలుగుతూనే ఉంది. కొనేవారిలో అన్ని మతాలవారూ ఉంటారు కనుక అక్కడి పెద్ద దుకాణాలు క్రిస్మస్ పేరెత్తకుండా ‘హ్యాపీ హాలిడేస్’ అనడం అలవాటు చేసుకున్నాయి. దానిపై 2005లో కొన్ని క్రైస్తవ సంస్థలు అలాంటి దుకాణాల బహిష్కరణకు పిలుపునిచ్చాయి. మరుసటి ఏడాది వాల్‌మార్ట్ మళ్లీ ‘మెర్రీ క్రిస్మస్’ అంటామని ప్రకటించింది. 2009లో గ్యాప్ అనే దుస్తుల సంస్థ క్రిస్మస్‌నూ, యూదుల హనుకానూ, ఆఫ్రికన్ అమెరికన్ల క్వాంజానూ, ఏడాదిలో అతి పొడవైన రాత్రి వచ్చే శీతకాలపు అయనాంతాన్నీ ఒకే ప్రకటనలో వరుసగా పలికించింది. పేర్లు నాలుగూ వినిపించాయి గాని, వాటిలో ఏ పండుగ గురించీ ఆ ప్రకటన చెప్పిందేమీ లేదు. మన పత్రికల్లోనూ డిసెంబరు నెలలో క్రిస్మస్, కొత్త సంవత్సరం, సంక్రాంతి ఒకే ఆఫర్ కింద కలిసి రావడం మనం చూస్తూనే ఉంటాం.

సెయిన్స్‌బరీస్ ఆ దారిన వెళ్లలేదు. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1914 క్రిస్మస్ నాడు, ఫ్రాన్స్, బెల్జియంలలోని పశ్చిమ రంగంలో చాలాచోట్ల బ్రిటిష్, జర్మన్ సైనికులు తమంతట తాము కాల్పులు ఆపి ఒకరినొకరు కలుసుకున్న ఘట్టాన్ని, సరిగ్గా నూరేళ్లకు కథావస్తువుగా తీసుకుంది. కందకంలో మంచు. అవతలి కందకం నుంచి జర్మన్ భాషలో ఒక కీర్తన వినిపిస్తుంది. మన తెలుగు క్రైస్తవ సంఘాల్లో ‘శుద్ధరాత్రి’ అని పాడుకునేది అదే. ఇవతలివారు దాన్ని ఇంగ్లీషులో అందుకుంటారు. తెల్లవారాక ముళ్లకంచె మీద రాబిన్ పిట్ట వాలుతుంది. బ్రిటన్‌లో ఏటా క్రిస్మస్ కార్డుల మీద కనిపించే ఎర్రరొమ్ము పిట్ట అది. అప్పుడు జిమ్ అనే కుర్రాడు చేతులు పైకెత్తి కందకం దాటుతాడు, అటునుంచి ఆటో అనే మరో కుర్రాడు వస్తాడు, ఇద్దరూ చేయి కలిపి పేర్లు చెప్పుకుంటారు.

నన్ను కదిలించింది చివరి ఘట్టం. ఫిరంగుల మోత మళ్లీ మొదలై ఎవరి కందకానికి వారు చేరాక, ఆటో కోటు జేబులో చేయి పెడితే, జిమ్‌కు ఇంటినుంచి పార్సిల్‌లో వచ్చిన చాక్లెట్ బయటపడుతుంది. పంచుకోవడానికే క్రిస్మస్ అనే వాక్యమూ, దుకాణం పేరూ ఆ తరువాతే తెరమీదికి వస్తాయి. అంటే వ్యాపారి ముందుగా పండుగ సారాన్ని చూపించి, తన పేరును దాని వెనుక నిలబెట్టుకున్నాడు. అలాంటి చాక్లెట్‌నే నీలిరంగు కాగితంలో చుట్టి ఒక పౌండుకు అమ్మి, వచ్చిన లాభాన్ని సైనికుల సంక్షేమం చూసే రాయల్ బ్రిటిష్ లీజియన్‌కు ఇచ్చారు. ఆ సంస్థ సహకారంతోనే ప్రకటన కూడా తయారైంది.

అయినా యుద్ధంలో చనిపోయినవారిని కిరాణా అమ్మకాలకు వాడుకున్నారంటూ బ్రిటన్‌లో ప్రకటనల నియంత్రణ సంస్థకు వందల ఫిర్యాదులు అందాయి. నిబంధనల ఉల్లంఘన లేదని ఆ సంస్థ తేల్చింది. నిబంధనల మాట అలా ఉంచితే, ఆ ఫిర్యాదులలోని బాధ న్యాయమైనదేనని నేను నమ్ముతాను. నా అభ్యంతరం మాత్రం మరొకటి. నాటి విరామంలో చాలాచోట్ల సైనికులు చేసిన ముఖ్యమైన పని, రెండు కందకాల నడుమ పడి ఉన్న తమ తోటివారి శవాలను పూడ్చిపెట్టడం. ప్రకటనలో ఆ శవాలు లేవు, బురద కూడా అంతంతమాత్రమే. దానికి బదులుగా ఫుట్‌బాల్ ఆటకు ఎక్కువ చోటిచ్చారు. ఆ ఆట ఏ మేరకు జరిగిందన్న విషయంలో చరిత్రకారులకే ఏకాభిప్రాయం లేదు. పాతిపెట్టే దృశ్యం పది సెకన్లు ఉన్నా ఆ చాక్లెట్ విలువ మరింత పెరిగేది. అందుకే ఈ ప్రకటనకు ఐదుకు నాలుగు మార్కులే ఇస్తున్నాను.