రెండు మైక్రాన్ల జాగ్రత్త: అంతరిక్ష హైపర్‌స్పెక్ట్రల్ సెన్సర్ల రూపకల్పన

అధ్యాపక మిత్రులకు, విద్యార్థులకు నమస్కారం.

మన నల్లగొండ జిల్లా వాడపల్లి, దామరచర్ల వైపు దొరికే సున్నపురాయిని చేతిలోకి తీసుకుంటే, అందులో ఉన్నది కాల్సైటో డోలమైటో కంటికి తెలియదు. పరారుణ కాంతిలో మాత్రం కాల్సైట్ సుమారు 2.34 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) దగ్గర, డోలమైట్ 2.32 దగ్గర కాంతిని పీల్చుకుంటాయి. తేడా 0.02 మైక్రాన్లు, అంటే 20 నానోమీటర్లే. 2018 నవంబరు 29న పీఎస్ఎల్వీ-సీ43 రాకెట్ మోసుకెళ్లిన 380 కిలోల హైసిస్ వంటి హైపర్‌స్పెక్ట్రల్ (కాంతిని వందల సన్నని తరంగదైర్ఘ్య పట్టీలుగా విడదీసి చూసే) ఉపగ్రహాలు ఇటువంటి తేడాలను 636 కిలోమీటర్ల ఎత్తు నుంచి పట్టుకోవలసి ఉంటుంది.

నేల మీద సెకనుకు దాదాపు 7 కిలోమీటర్లు సాగిపోయే ఉపగ్రహానికి 30 మీటర్ల నేలను చూడడానికి దొరికే సమయం 4 మిల్లీసెకన్లకు కాస్త ఎక్కువ. ఆ కొద్ది వెలుగునే సన్నని చీలిక గుండా పంపి, గ్రేటింగ్‌తో (దగ్గర దగ్గరగా సన్నని గీతలు గీసిన పలకతో) వందల పట్టీలుగా విడదీయాలి. అద్దం చిన్నదైతే వెలుగు చాలదు, పెద్దదైతే బరువు పెరుగుతుంది. రెండు పుటాకార దర్పణాల మధ్య కుంభాకార గ్రేటింగ్‌ను ఉంచే ఆఫ్నర్ అమరిక చిన్న చోటులో ఇమిడిపోయి, ప్రతిబింబాన్ని పెద్దగా వంకరపోనివ్వదు కనుక నాకు అది ఇష్టం.

అసలు కష్టం వేడితో. సుమారు గంటన్నరకోసారి ఎండలోకీ నీడలోకీ పోయే సెన్సర్‌లో 100 మిల్లీమీటర్ల అల్యూమినియం ఒక్క డిగ్రీకే 2.3 మైక్రాన్లు సాగుతుంది. పిక్సెల్ వెడల్పు 30 మైక్రాన్లు, దాని మీద పడే పట్టీ 10 నానోమీటర్లు అనుకుంటే, ఒక పక్కే 10 డిగ్రీలు వేడెక్కినప్పుడు వర్ణపటం దాదాపు 8 నానోమీటర్లు జరుగుతుంది; కాల్సైట్‌కూ డోలమైట్‌కూ ఉన్న దూరంలో అది ఐదింట రెండు వంతులు. దర్పణాలనూ చట్రాన్నీ ఒకే లోహంతో చేస్తే అన్నీ సమంగా సాగి ఫోకస్ నిలుస్తుంది గాని, వేడి అంతటా సమంగా లేనప్పుడు ఆ ఉపాయం చాలదు. ఇనుము, నికెల్ మిశ్రమమైన ఇన్వార్ చాలా తక్కువగా సాగుతుంది, కానీ బరువు. అందుకే పట్టీలు ఎన్ని అని కాక, అవి ఎంత కదలకుండా నిలుస్తాయని నేను ముందు అడుగుతాను.

ఈ జిల్లాలో తప్పక వచ్చే ప్రశ్న ఫ్లోరైడ్. బోరు నీటిలోని ఫ్లోరైడ్‌ను ఈ సెన్సర్ నేరుగా చూడలేదు. పరావర్తన కాంతి నేల పైపొర గురించే చెబుతుంది.

ప్రయోగ సమయపు కుదుపుల తర్వాత పట్టీలు చోటు తప్పలేదని తేల్చుకోవడానికి గాలిలోని ఆక్సిజనే కొలబద్ద. 760 నానోమీటర్ల దగ్గర అది కాంతిని పీల్చే గీత ఎక్కడా మారదు. ఒకప్పటి మహబూబ్‌నగర్ జిల్లాలోని షాద్‌నగర్ భూకేంద్రం వంటి చోట్లకు దిగే డేటాలో ఆ గీత ఏ పిక్సెల్ మీద పడిందో చూస్తే, పైన సెన్సర్ ఎంత జరిగిందో ఇక్కడ కూర్చునే లెక్కకట్టవచ్చు.