నూనె పని వేరు, వాసన పని వేరు

అందరికీ నమస్కారం. గ్రంథాలయం వాళ్ళు ఫోన్ చేసి, "మేడమ్, ఈసారి కెమిస్ట్రీ కాకుండా ఇంట్లో ఆడవాళ్ళకీ మగవాళ్ళకీ పనికొచ్చేది ఏదైనా చెప్పండి" అన్నారు. ముప్పై ఏళ్ళు కాలేజీలో కెమిస్ట్రీ చెప్పి రిటైరైనదాన్ని, నా నోట ఇంకేం వస్తుంది? అందుకే మాటలతో పాటు మూడు సీసాలు తెచ్చాను. ఒకదాంట్లో మొన్న మా ఇంట్లో కాచిన తలనూనె. రెండోది బజారులో కొన్న సంపెంగ నూనె. మూడోది, ఇదిగో, చిటికెన వేలంత ఉంది, చార్మినార్ దగ్గర కొన్న వట్టివేళ్ళ అత్తరు. ముందు వరసలో వాళ్ళు మూతలు తీసి వాసన చూసి వెనక్కి అందించండి. అత్తరు మాత్రం ఒలకబోయకండమ్మా, ఒలికిందంటే ఇక్కడి పుస్తకాలన్నీ సంక్రాంతి దాకా అదే వాసన కొడతాయి.

వాసన నూనె అనేసరికి మనం దాన్ని ఒకే వస్తువు అనుకుంటాం. అది రెండు. సీసాలో నూనె ఒకటి, అందులో కలిసిన వాసన ఇంకొకటి. నూనె ఎక్కడ రాస్తే అక్కడే కూర్చుంటుంది. వాసన ఎగిరిపోతుంది, ఎగిరి మన ముక్కుకి చేరితేనే అది వాసన. ఒకటి ఉండిపోయేది, ఒకటి వెళ్ళిపోయేది. మనకి ఏ పూటకి ఏది కావాలో తేల్చుకోకుండా సీసా కొంటాం, ఆ తర్వాత "రాసినా ఏం లాభం లేదండీ" అంటాం.

మాట వచ్చింది కాబట్టి చెబుతున్నా. నూనె అన్న మాటే నువ్వు, నెయ్యి కలిసి అయింది. తైలం అన్న సంస్కృతం మాట కూడా తిల నుంచి వచ్చిందే. అంటే ఒకప్పుడు నూనె అంటే నువ్వుల నూనే. కొబ్బరి నూనె అన్నా, వేరుశనగ నూనె అన్నా లోపల నువ్వు కూర్చునే ఉంది. మన పండగ తలంట్లన్నీ ఆ నువ్వుల నూనె చుట్టూ తిరిగినవే. ఉగాదికి, భోగికి, నరక చతుర్దశికి తెల్లవారుజామున మాడుకి నూనె పెట్టించుకోని వాళ్ళు ఈ గదిలో ఎవరూ ఉండరు. కుంకుడు రసం కంట్లో పడి ఏడవని వాళ్ళు అసలే ఉండరు.

ఇక తలనూనె కాచే సంగతి. మా మేనత్తది అమలాపురం దగ్గర పల్లె. ఏడాదికి రెండుసార్లు నూనె కాచేది. గుంటగలగరాకు, గోరింటాకు, మందారాకు రోట్లో నూరి, బిళ్ళలు తట్టి, చేటలో నీడన ఆరబెట్టేది. ఇత్తడి గిన్నెలో కొబ్బరి నూనె పోసి, సన్నసెగ మీద ఆ బిళ్ళలు వేసేది. ముందు బుస్సున నురుగొస్తుంది. ఆకులో మిగిలిన నీరు ఆవిరైపోవడం అది. నురుగు తగ్గాక వట్టివేళ్ళు, కచ్చూరాలు, గుప్పెడు మెంతులు. అప్పుడు నన్ను పిలిచేది, "అమ్మాయ్, వత్తి పట్రా" అని. దూదివత్తి ఆ నూనెలో ముంచి దీపానికి అంటించేది. చిటపటలాడిందా, ఇంకా నీరుంది. చప్పుడు చెయ్యకుండా వెలిగిందా, గిన్నె దింపెయ్యొచ్చు. ఆయుర్వేదంలో తైలపాకానికి చెప్పే పరీక్ష కూడా ఇదే. మా అత్తయ్య ఆ గ్రంథాలు చూసిందీ లేదు, చదివిందీ లేదు. వాళ్ళ అమ్మ దగ్గర చూసింది, అంతే.

ఆ చిటపట ఎందుకో నేను ఎమ్మెస్సీలో చేరాక అర్థమైంది. నూనెలో నీటి చుక్క చిక్కుకుంటే మంట తగలగానే అది టప్పున ఆవిరై పేలుతుంది. ఆ చుక్క సీసాలో మిగిలిపోతే నూనె తొందరగా పాడవుతుంది, ఆకు పిప్పి ఉన్నచోట బూజు పడుతుంది. ల్యాబులో తేమ కనిపెట్టడానికి మేం పెద్ద సరంజామా వాడేవాళ్ళం. అత్తయ్య ఒక వత్తితో తేల్చేసేది.

సరే, నా ఘనకార్యం కూడా వినండి. ఎమ్మెస్సీ అయిన ఏడాది, సెలవులకి వెళ్ళి, నేనే కాస్తానని కూర్చున్నాను. పెరట్లో సంపెంగ చెట్టు నిండా పూసింది. ఇంత మంచి వాసన ఉండగా వట్టివేళ్ళెందుకు అనుకుని, చేటెడు సంపెంగలు కాగుతున్న నూనెలో వేసేశాను. మొదటి రెండు నిమిషాలు వీధి వీధంతా గుబాళించింది. నేను పొంగిపోయాను. వడగట్టి చల్లారాక మూత తీస్తే ఉడికిన తోటకూర వాసన! అత్తయ్య వాసన చూసి ఒక్క మాటే అంది: "పువ్వుని పొయ్యి మీద పెడతారటే ఎవరైనా? చదువుకున్నదానివి గదా!"

వీధంతా గుబాళించిందంటే అర్థమేమిటి? ఆ వాసన మొత్తం వీధిలోకి పోయింది, గిన్నెలో ఏం మిగల్లేదు. వట్టివేళ్ళలో ఉండే వాసన పదార్థాలు బరువైనవి, తొందరగా ఎగరవు, సెగకి ఓర్చుకుంటాయి. మల్లె, సంపెంగల వాసన అలా కాదు, సున్నితం. అందుకే పాతకాలపు నూనెవాళ్ళు పువ్వుని నిప్పు దగ్గరికి రానిచ్చేవాళ్ళు కాదు. ఉత్తరాదిన జౌన్‌పూర్, గాజీపూర్ వైపు మల్లెజాతి చమేలీ నూనె చేసే పద్ధతి చూడండి. పొట్టు తీసిన నువ్వులు ఒక వరస, పూలు ఒక వరస పరిచి ఉంచుతారు. నువ్వుగింజలో ఉన్న కొవ్వు పువ్వు వాసనని పీల్చుకుంటుంది. వాడిన పూలు తీసేసి మళ్ళీ కొత్తవి. అలా చాలాసార్లయ్యాక ఆ నువ్వుల్ని గానుగాడితే వచ్చే నూనె ఫులేల్. మల్లె తెంపాక కూడా గంటల తరబడి వాసన తయారు చేసుకుంటూనే ఉంటుంది, అందుకని దానికి ఈ నింపాది పద్ధతి. గులాబీ అలా కాదు, తెంపాక వాసన పోగొట్టుకుంటుందే తప్ప పెంచుకోదు. అందుకే కన్నౌజ్‌లో తెల్లవారుజామున కోసిన పూలని ఆ పూటే డేగు అనే పెద్ద రాగి పాత్రలో నీళ్ళతో వేసి ఆవిరి పట్టేస్తారు. ఆ ఆవిరి వెదురు గొట్టంలోంచి వెళ్ళి, నీళ్ళలో చల్లగా ఉంచిన ఇంకో పాత్రలో మంచిగంధం నూనెలో దిగుతుంది. ఆ అత్తరుకి 2014లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది.

నా తోటకూర నూనె ఏమైందంటారా? పెరటి తలుపు బందులకి వేసుకున్నాం, రెండేళ్ళు వచ్చింది.

ఇప్పుడు రోజువారీ సంగతికొద్దాం. తలకి నూనె ఎప్పుడు రాయాలి? స్నానం చేసి, జుట్టు ఆరాక, నున్నగా దువ్వుకోవడానికి రాస్తాం మనలో చాలామందిమి. అసలు పని తలస్నానానికి ముందు ఉంది. తల తడిసినప్పుడు వెంట్రుక నీళ్ళు పీల్చి ఉబ్బుతుంది, ఆరాక ముడుచుకుంటుంది. ప్రతిసారీ ఇలా ఉబ్బి ముడుచుకుని పైపొర చెదురుతుంది. ముందే నూనె ఉంటే నీరు తక్కువ దిగుతుంది. 2003లో ముంబై పరిశోధకులిద్దరు కొబ్బరి నూనె, పొద్దుతిరుగుడు నూనె, పెట్రోలియం నుంచి తీసే మినరల్ ఆయిల్ మూడూ పోల్చి చూసి, వెంట్రుకలో ప్రొటీను పోకుండా కాపాడింది కొబ్బరి నూనె ఒక్కటేనని తేల్చారు. అందులో ఉన్న లారిక్ ఆమ్లం చిన్నది, తిన్ననైనది, వెంట్రుక లోపలికి దూరగలదు. వాళ్ళు పనిచేసింది కొబ్బరి నూనె అమ్మే కంపెనీలోనే, అది కూడా చెప్పాలి కదా. అయినా ఆ వాదంలో కెమిస్ట్రీ నాకు సబబుగానే తోస్తుంది.

చుండ్రు ఉన్నవాళ్ళు మాత్రం నూనె పెట్టి రాత్రంతా వదిలెయ్యకండి. చుండ్రుకి కారణమైన మలసీజియా అనే ఈస్టుకి కొవ్వే తిండి. "పొట్టు లేస్తోంది, తల పొడిబారింది, ఇంకొంచెం నూనె పెట్టు" అనడం, దానికి కంచం నిండా వడ్డించడమే.

బజారు సీసా కొనేటప్పుడు ముందువైపు బాదం కాయ బొమ్మ కాదు, వెనకవైపు చిన్న అక్షరాలు చదవండి. నేను ఒకసారి బాదం నూనెనుకుని కొని ఇంటికొచ్చి అద్దాలు పెట్టుకుని చూస్తే, మొదటి పేరు లైట్ లిక్విడ్ పారాఫిన్. అది పెట్రోలియం శుద్ధిలోంచి వచ్చే నూనె. విషమేం కాదు. చర్మం మీద తేమ ఆపుతుంది, జుట్టుకి మెరుపిస్తుంది, పాడవదు, జిడ్డు తక్కువ. వెంట్రుక లోపలికి మాత్రం పోదు. మెరుపు, వాసన చాలనుకుంటే హాయిగా కొనుక్కోండి. బాదం కోసమే డబ్బులు పెడుతున్నామనుకుంటే మాత్రం ఆలోచించండి.

ఒంటికి నూనె అంటే మన రాయలవారిని తలుచుకోవాలి. 1520 ప్రాంతంలో విజయనగరం చూసిన పోర్చుగీసు యాత్రికుడు డోమింగో పేస్ రాశాడు: రాజు రోజూ తెల్లవారకముందే నువ్వుల నూనె తాగుతాడట, అదే నూనె ఒళ్ళంతా పట్టిస్తాడట, నడుముకి చిన్న గుడ్డ చుట్టుకుని మట్టి బరువులెత్తి, ఆ నూనె చెమటతో పోయేదాకా కత్తి తిప్పుతాడట. ఆ తర్వాత కుస్తీ, గుర్రపు స్వారీ. మనకి రాజ్యమూ లేదు, తెల్లవారుజామున లేచే ఓపికా లేదు. తాగమని కూడా నేను చెప్పను. కానీ ఆయుర్వేద గ్రంథం రాసిన వాగ్భటుడు ఒళ్ళంతా కుదరకపోయినా తల, చెవులు, పాదాలు వదలొద్దన్నాడు చూడండి, అందులో పాదాల మాట బంగారం. రాత్రి పడుకునే ముందు మడమలు కడుక్కుని, తడి పూర్తిగా తుడవకుండా నాలుగు చుక్కలు రాసి, పాత సాక్సు తొడుక్కోండి. నూనె తనంతట తాను తేమ ఇవ్వదు, ఉన్న తేమని పోకుండా మూత వేస్తుంది. పొడి చర్మం మీద రాస్తే ఖాళీ గిన్నెకి మూత పెట్టినట్టే. స్నానం చేసి తుడుచుకోగానే చెమ్మ ఉండగా రాస్తే సగం నూనె సరిపోతుంది. రాశాక బాత్రూమ్ గచ్చు మీద జాగ్రత్త, నా వయసువాళ్ళకి మరీ చెబుతున్నాను.

మిగతా చిల్లర పనులు మీకు తెలిసినవే. బిగువు గాజులు ఎక్కించడానికి, ఉబ్బిన వేలికి ఇరుక్కున్న ఉంగరం తియ్యడానికి, కాటుక తుడవడానికి, పనసకాయ కోసేముందు చేతికీ కత్తికీ. వీటన్నిటికీ వాసన లేని నూనె చాలు. సంపెంగ నూనె పూసిన కత్తితో కోసిన పనసతొన ఎలా ఉంటుందో మా ఆయన్ని అడగండి.

వాసనే కావాలనుకున్నప్పుడు నూనె ఎక్కువ అక్కర్లేదు. పాతబస్తీలో పెద్దాయనలు చిన్న దూది ఉండకి అత్తరు అద్ది చెవి మడతలో పెట్టుకుంటారు. ఒంటి వేడికి అది సాయంత్రం దాకా మెల్లగా ఎగురుతూ ఉంటుంది. తిరుమలలో శుక్రవారం అభిషేకం తర్వాత మూలవిరాట్టుకి పూసే పునుగు తైలం కూడా అంతే, కొంచెంతోనే పని జరుగుతుంది. అది పునుగుపిల్లి గ్రంథి నుంచి వచ్చే పదార్థం. ఊరికే చూస్తే ఘాటు, పలచన చేస్తే పరిమళం.

పలచన అన్నమాట గుర్తుపెట్టుకోండి. ఇప్పుడు ఆన్‌లైన్‌లో లావెండర్, నిమ్మగడ్డి, లవంగ నూనెలు చిన్న సీసాల్లో వస్తున్నాయి. అవి తిన్నగా ఒంటికి రాసేవి కావు, మండుతాయి, దద్దుర్లొస్తాయి. వంద మిల్లీలీటర్ల కొబ్బరి నూనెకి ఒక మిల్లీలీటరు, అంటే సుమారు ఇరవై చుక్కలు, చాలు. ముందు మోచేతి లోపలివైపు రాసి ఒక రోజు చూడండి.

పసిపిల్లల విషయంలో మాత్రం నేను సర్దుకుపోను. లాలపోసేటప్పుడు ముక్కులో నూనె చుక్కలు వెయ్యకండి. "మా పిల్లలందరికీ వేశామమ్మా" అంటారు, అంటే వాళ్ళు అదృష్టవంతులు. ఆ నూనె ఊపిరితిత్తుల్లోకి జారితే న్యుమోనియా వస్తుంది, అది ఆషామాషీగా తగ్గేది కాదు. జలుబని కర్పూరం కరిగించిన నూనె ఛాతీకి రాయడం కూడా రెండేళ్ళలోపు పిల్లలకి వద్దు. కర్పూరం ఒంట్లోకి ఎక్కితే ఫిట్స్ రావచ్చు. ఒంటికి మామూలు నూనెతో మెల్లగా మర్దన చెయ్యండి, బిడ్డ హాయిగా పడుకుంటుంది.

బరువైన మాటలైపోయాయి, ఒక తమాషా చెప్పి ఆపుతాను. 1896లో కలకత్తాలో కుంతలీన్ అనే తలనూనె కంపెనీ కథల పోటీ పెట్టింది. కథలో తమ నూనె ప్రస్తావన రావాలి. ఆ పోటీకి ఒకాయన కథ పంపాడు: సముద్రంలో తుఫాను వస్తే, ఓడ మీద ఉన్నాయన ఒక సీసాడు తలనూనె నీళ్ళలో పోస్తాడు, అలలు అణిగిపోతాయి. ఆ కథకుడు మన జగదీశ్ చంద్ర బోస్! నీటి మీద నూనె పలచగా పరుచుకుంటే అలలు అణుగుతాయన్న మాట మీద కట్టిన కథ. తలనూనె వాడకాల్లో ఇంతకు మించినది నాకు తట్టలేదు.

సీసాలు వెనక్కి వచ్చాయా? అత్తరు క్షేమంగానే ఉంది, సంతోషం. ఇదిగో, మొన్న కాచిన ఈ నూనె సరిగ్గా దింపానో లేదో నాకూ అనుమానంగానే ఉంది. ప్రమిద, వత్తి తెచ్చాను. ఫ్యాన్ ఒక్క నిమిషం ఆపండి బాబూ. వెనక కూర్చున్నవాళ్ళు కూడా కాస్త నిశ్శబ్దంగా ఉంటే, చిటపటలాడుతుందో లేదో అందరం విందాం.