చిన్నాయన పికప్‌కు పవర్ స్టీరింగ్

శ్రోతలకు నమస్కారం.

తెల్లవారుజామున అనంతపురం చీనీ (బత్తాయి) మార్కెట్‌లో బండి మళ్లించుకోవడం ఎంత కష్టమో వెళ్లినవాళ్లకు తెలుసు. ముందు లారీ, వెనక ట్రాక్టర్, రెండు పక్కలా కాయల రాశులు. ఉన్న కాస్త జాగాలోనే కొంచెం ముందుకు, కొంచెం వెనక్కి జరుపుకుంటూ తిప్పుకోవాలి. ఆ జాగాలో మా చిన్నాయన పడ్డ అవస్థ గురించి, ఆయన పాత పికప్‌కు పవర్ స్టీరింగ్ పెట్టించిన సంగతి గురించి ఈ రోజు మీకు చెప్తాను.

చిన్నాయనది నార్పల దగ్గర చీనీ తోట. ఎనభైల నాటి మహీంద్రా పికప్ ఒకటి ఆయన దగ్గర ఉంది. నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే ఫోర్ వీల్ డ్రైవ్ బండి. వాన పడి తోట దారి బురదైనా, వంకలో ఇసుక మేట వేసినా ఆగదు. ముప్పై ఏళ్లుగా ఆ బండిని ఇంట్లో మనిషిలా చూసుకున్నాడు. కానీ ఆ కాలపు బండికి పవర్ స్టీరింగ్ లేదు. పైగా నాలుగేళ్ల కిందట ఇసుకలో పట్టు బాగుంటుందని వెడల్పు టైర్లు వేయించాడు. అప్పటినుంచి స్టీరింగ్ మరీ బరువైంది.

బండి పరుగులో ఉంటే తేడా పెద్దగా తెలియదు. నిలబడ్డ చోట తిప్పాలంటేనే కష్టం. ఒక చెయ్యి స్టీరింగ్ పైన, ఇంకో చెయ్యి కింద పట్టి, సీట్లోంచి సగం లేచి, పళ్లు బిగబట్టి లాగేవాడు. ఆయనకు అరవై ఆరేళ్లు. ఒక రోజు ఇంటికొచ్చి కుడి భుజం పట్టుకుని కూర్చున్నాడు. "అబ్బీ, ఇంక నా వల్ల కాదు, బండి అమ్మేస్తా" అన్నాడు. ఆ మాట అన్నాక ఆ పూట అన్నం సరిగ్గా తినలేదు.

అమ్మొద్దు, పవర్ స్టీరింగ్ పెట్టిద్దాం అని చెప్పింది నేనే.

అదెలా పనిచేస్తుందో రెండు ముక్కల్లో చెప్తాను. ఇంజను బెల్టుతో తిరిగే చిన్న పంపు ఒకటి ఉంటుంది. అది నూనెను గట్టి ఒత్తిడితో స్టీరింగ్ బాక్సులోకి, అంటే మనం స్టీరింగ్ తిప్పిన తిప్పుడును చక్రాలకు అందించే పెట్టెలోకి నెడుతుంది. బాక్సు లోపల చిటికెన వేలంత సన్నటి ఇనుప కడ్డీ. మనం స్టీరింగ్ తిప్పగానే నేల పట్టుకున్న చక్రాలు మొరాయిస్తాయి కదా, అప్పుడు ఆ కడ్డీ కొద్దిగా మెలి తిరుగుతుంది. ఆ మెలికకు ఒక వాల్వు తెరుచుకుని, మనం తిప్పిన వైపుకే నూనె తోస్తుంది. మనిషి దారి చూపిస్తే చాలు, బలం నూనెది. దీన్ని 1920లలోనే ఫ్రాన్సిస్ డేవిస్ అనే అమెరికా ఇంజనీరు కారుకు అమర్చి చూపించాడు. అమ్మకానికి వచ్చిన కారులో కనిపించింది మాత్రం 1951లో, క్రైస్లర్ ఇంపీరియల్‌లో.

సరే, మా బండి సంగతికి వస్తాను. ఊరి పేరు, షెడ్డు పేరు చెప్పను. ఒక షెడ్డులో అడిగితే రెండు రోజుల్లో చేసిస్తామన్నారు. కొత్త తరం జీపు నుంచి తీసిన బాక్సు, పంపు, పైపులు తెచ్చి, చాసిస్‌కు, అంటే బండిని మోసే ఇనుప చట్రానికి, నాలుగు రంధ్రాలు వేసి, బోల్టులు బిగించి ఇచ్చారు. చిన్నాయన సంతోషం చూడాలి. ఒక్క చేత్తో, ఒక్క వేలితో తిప్పి మా పిన్నమ్మను పిలిచి మరీ చూపించాడు. మార్కెట్ నుంచి ఫోన్ చేసి "అబ్బీ, పూలు తిప్పినట్టుంది" అన్నాడు.

ఎనిమిది నెలలు అలా గడిచాయి. తర్వాత బండి ఎడమకు తిప్పినప్పుడల్లా ముందు నుంచి టక్ మని చప్పుడు మొదలైంది. నేను బండి కిందికి దూరి టార్చి వేసి చూశాను. స్టీరింగ్ బాక్సు పై బోల్టు పక్కన, చాసిస్ మీద, వెంట్రుకంత గీత. గీత పొడవునా ఎర్రగా తుప్పు. ముందు బురద చార అనుకున్నాను. గుడ్డతో తుడిస్తే పోలేదు. గోరు పెట్టి లాగితే గోరు అందులో తట్టుకుంది. చాసిస్ చీలింది. ఇంకా నాలుగు లోడ్లు వేసి ఉంటే ఆ బాక్సు ఏ మలుపులో ఊడి చేతికొచ్చేదో తలుచుకుంటే నాకు ఇప్పటికీ టెన్షనే.

ఎందుకు చీలింది? ఇది కొంచెం నిదానంగా వినండి. పాత స్టీరింగ్‌లో ఎంత గట్టిగా లాగినా అది మనిషి చేతుల బలమే. చాసిస్ మీద అంతకు తగ్గ భారమే పడేది. పంపు వచ్చాక చక్రాలను తోయగల బలం చాలా పెరిగింది. చక్రాన్ని ఒక వైపు అంత బలంగా తోసినప్పుడు, బాక్సును అంతే బలంతో రెండో వైపు ఏదో ఒకటి పట్టుకుని ఉండాలి. ఆ పట్టుకునేది నాలుగు బోల్టులు, వాటి వెనక చాసిస్ రేకు. చిన్నాయన భుజం పడ్డ బాధంతా పోయి చాసిస్ మీద కూర్చుంది. ఆ రేకును ఆ రోజుల్లో ఆ బలానికి చేయలేదు.

రెండోసారి బండిని తాడిపత్రి రోడ్డులో పాత జీపుల మేస్త్రి దగ్గరికి తీసుకెళ్లాం. ఆయన ముందుగా చేసిన పని నాకు చాలా నచ్చింది. పానా ముట్టుకోలేదు. జాకీ వేసి ముందు చక్రాలు రెండూ గాల్లోకి లేపాడు. పంపు బెల్టు తీసేసి "అన్నా, ఇప్పుడు తిప్పు" అన్నాడు. నేల మీద బరువు లేదు, అయినా స్టీరింగ్ బిగుసుగానే ఉంది. ముందు చక్రాలు అటూ ఇటూ తిరిగే చోట ఉండే కింగ్ పిన్ బేరింగులు ఎండిపోయాయి, ఆ రెండు చక్రాలనూ కలిపే టై రాడ్ చివరలు పట్టేశాయి. అంటే మొదట్లో చిన్నాయన భుజం నొప్పిలో సగం వీటి వల్లే. పవర్ స్టీరింగ్ ఆ రోగాన్ని కప్పేసింది. పంపు దాంతోనూ కుస్తీ పడుతూ వచ్చింది, ఆ కుస్తీ అంతా ఆ నాలుగు బోల్టుల మీదే.

బేరింగులు మార్చి, గ్రీజు పెట్టి, అప్పుడు చాసిస్ దగ్గరికి వచ్చాడు. చీలిక చివర సన్న రంధ్రం వేసి అది ముందుకు పాకకుండా ఆపి, వెల్డింగ్ చేశాడు. ఒక పక్క తెరిచి ఉన్న చాసిస్ దూలాన్ని మందపాటి ప్లేటుతో మూసి పెట్టెలా చేశాడు. ప్లేటు చివరలు నిలువుగా కాకుండా చేప నోరులా కోశాడు, ఎందుకంటే నిలువు వెల్డింగ్ పక్కనే మళ్లీ చీలిక మొదలవుతుంది. బోల్టు వెళ్లే ప్రతి రంధ్రంలో ఇనుప గొట్టం ముక్క పెట్టాడు. అది లేకపోతే బోల్టు బిగించేకొద్దీ దూలం నొక్కుకుపోతుంది, కొన్నాళ్లకు బోల్టు వదులవుతుంది. బాక్సు ఉన్న వైపు నుంచి అవతలి దూలానికి ఒక అడ్డకమ్మీ కూడా వేశాడు. ఇదంతా బయటికి కనిపించని పని. దీనికే రెండు రోజులు పట్టింది, నా దృష్టిలో డబ్బు ఇవ్వాల్సింది ఈ పనికే.

ఇంకో మాట. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్, ఆర్‌సీలోని వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదంటుంది. కాబట్టి చాసిస్ మీద చెయ్యి వేసే ముందు ఆర్టీవో ఆఫీసులో ఒకసారి అడగండి. అలాగే గువ్వలచెరువు ఘాట్ లాంటి చోట డీజిల్ మిగులుతుందని ఇంజను ఆపి దిగే అలవాటు ఉంటే, దయచేసి మానుకోండి. ఇంజను ఆగితే పంపు ఆగుతుంది, మలుపులో స్టీరింగ్ ఒక్కసారిగా రాయిలా బిగుస్తుంది.

పాత బండికి పవర్ స్టీరింగ్ పెట్టించుకున్నవాళ్లు మీలో ఉంటే ఒక్క పని చేయండి. రేపు పొద్దున్నే చేయండి. బండి చదును నేల మీద నిలిపి, హ్యాండ్ బ్రేక్ వేసి, చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టండి. ఇంట్లో ఒకరిని ఎక్కించి, ఇంజను ఆన్ చేసి, స్టీరింగ్‌ను కొద్దిగా కుడికి, కొద్దిగా ఎడమకు ఊపుతూ ఉండమనండి. మీరు పక్కన నిలబడి, ఫ్యానుకూ బెల్టుకూ దూరంగా ఉండి, బానెట్ ఎత్తి టార్చి వెలుగులో బాక్సును చూడండి. టైరు కదలాలి. బాక్సు కదలకూడదు. చాసిస్ మీద కాగితమంత కదలిక కనిపించినా బండి అక్కడే ఆపి మేస్త్రిని ఇంటికి పిలిపించండి. మా చిన్నాయన ఇప్పుడు నెలకోసారి ఈ పని చేస్తున్నాడు. స్టీరింగ్ ఊపేది మా పిన్నమ్మ, టార్చి పట్టేది ఆయన.

నమస్కారం.