బాబాయ్ రెండు రోజులు ఎందుకు చెప్పలేదు

(గుంటూరులో వర్తకుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అధ్యక్షులవారికి, వేదిక మీదున్న పెద్దలకు, మిర్చి యార్డులో సరుకు వదిలిపెట్టి వచ్చిన కమీషన్ వ్యాపారులకు, కోల్డ్ స్టోరేజీల వారికి, ఎగుమతిదారులకు, వెనకాల నిలబడ్డ గుమాస్తా సోదరులకు నమస్కారం. పెద్దల పేర్లు వరసగా చెప్పి మొదలుపెట్టడం మన ఆనవాయితీ. నాకిచ్చింది ఇరవై నిమిషాలే, కాబట్టి పెద్దలు మన్నించాలి. వెనక నిలబడ్డవాళ్లు మాత్రం దయచేసి ముందుకొచ్చి కూర్చోండి. రెండో వరస ఖాళీగానే ఉంది. ఇవాళ నేను మాట్లాడబోయేది మీ గురించే.

నాకు ఇచ్చిన అంశం ‘ఆధునిక వ్యాపారాలు, సైబర్ భద్రత సవాళ్లు’. మా మేనల్లుడు హైదరాబాద్‌లో ఈ పనిలోనే ఉన్నాడు. నాలుగు పేజీలు రాసిచ్చాడు. మొదటి పేజీ రాన్సమ్‌వేర్ గురించి. అంటే మన కంప్యూటర్లో ఉన్న లెక్కలన్నిటికీ దొంగ తన తాళం వేసి, తాళంచెవి కావాలంటే డబ్బు కట్టమనడం. 2017 మే 12న వానాక్రై అనే అలాంటి కంప్యూటర్ పురుగు 150 దేశాల్లో రెండు లక్షలకు పైగా కంప్యూటర్లను పట్టేసింది. మన ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లు కూడా కొన్ని దాని బారిన పడ్డాయి. దానికి విరుగుడు మైక్రోసాఫ్ట్ అంతకు రెండు నెలల ముందే ఇచ్చింది. అప్‌డేట్ చేసుకున్నవాళ్లు బతికిపోయారు, ‘తర్వాత చూద్దాం’ అని నొక్కినవాళ్లు చిక్కుకున్నారు.

ఆ తర్వాతి నెలలోనే ఇంకోటి వచ్చింది, నాట్‌పెట్యా. మన మిర్చి కంటెయినర్లు మోసే పెద్ద ఓడల కంపెనీల్లో ఒకటైన మెర్స్క్ దాని దెబ్బకు ఆగిపోయింది. ముంబయి దగ్గర జవహర్‌లాల్ నెహ్రూ పోర్టులో వాళ్ల టెర్మినల్ కూడా ఆగింది. ప్రపంచమంతా ఉన్న వాళ్ల ముఖ్యమైన సర్వర్లు ఒక్కసారే తుడిచిపెట్టుకుపోయాయి. ఒక్కటి మిగిలింది. అది ఆఫ్రికాలో, ఘనాలో ఉంది. పురుగు వచ్చిన సమయానికి అక్కడ కరెంటు పోయింది, ఆ యంత్రం నెట్‌వర్కులో లేదు. దాంట్లో ఉన్న కాపీ పట్టుకుని మొత్తం కంపెనీని మళ్లీ నిలబెట్టుకున్నారు. ఇది మీకెందుకు చెబుతున్నానంటే, మన కోల్డ్ స్టోరేజీలో ఏ రైతువి ఎన్ని టిక్కీలు (మిర్చి బస్తాలు), ఏ గదిలో ఏ వరసలో ఉన్నాయి, ఎవరి బాండ్ల మీద బ్యాంకు అప్పు ఉంది అనే లెక్క ఇప్పుడు కాగితం మీద లేదు. బ్యాకప్ ఉంది కదా అంటారు. ఆ హార్డ్ డిస్కు ఎక్కడుంది? అదే కంప్యూటర్‌కి రాత్రింబగళ్లు తగిలించే ఉంది. దొంగ తాళం వేసేటప్పుడు దానికీ వేస్తాడు. బ్యాకప్ తీశాక వైరు పీకి బీరువాలో పెట్టండి. ఢిల్లీ ఎయిమ్స్ ఆసుపత్రిలో 2022 నవంబరులో సర్వర్లు పడిపోతే రోజుల తరబడి చీటీలు చేత్తో రాసుకున్నారు. అంతటి చోటే అలా జరిగింది.

రెండో పేజీ తిప్పితే, పైన మావాడు పెట్టిన శీర్షిక ‘ఉద్యోగుల పొరపాట్లు’. వ్యాపార భద్రతలో అన్నిటికంటే బలహీనమైన చోటు ఉద్యోగే అని రాశాడు. నిన్న రాత్రి ఇది చదువుకుంటూ అక్కడే ఆగిపోయాను. మిగతా పేజీలు ఇవాళ చదవను. మావాడు ఏమీ అనుకోడు.

మా దగ్గర ఒక పెద్ద గుమాస్తాగారు ఉన్నారు. మా నాన్నగారి హయాంలో 1988లో చిట్టా రాయడానికి వచ్చారు. నాకు అప్పుడు పదకొండేళ్లు, బాబాయ్ అని పిలిచేవాణ్ని, ఇప్పటికీ అంతే. చిట్టా, ఆవర్జా నుంచి టాలీ దాకా, చెక్కుల నుంచి నెట్ బ్యాంకింగ్ దాకా అన్నీ నేర్చుకున్నారు. ఒక్క పైసా తేడా వస్తే రాత్రి తొమ్మిదైనా లేచేవారు కాదు.

2023 మార్చి 10, శుక్రవారం. సీజను ముమ్మరంగా ఉంది. కోయంబత్తూరు నుంచి ఒక గ్రైండింగ్ యంత్రం రావాలి. దానికి 18 లక్షల 40 వేలు కట్టాలి. ఆ కంపెనీ నుంచి మధ్యాహ్నం మెయిల్ వచ్చింది. ‘మా ఖాతా ఆడిట్‌లో ఉంది, ఈసారికి కింద ఇచ్చిన ఖాతాకు పంపండి’ అని. ఇన్‌వాయిస్ అసలుదే, నంబరు అసలుదే, ముద్ర అసలుదే. బ్యాంకు ఖాతా ఒక్కటే మారింది. దొంగలు ఆ కంపెనీ మెయిల్‌లోకి దూరి, మా ఉత్తరాలన్నీ చదువుతూ, డబ్బు కట్టే రోజు కోసం కాచుకుని ఉన్నారు. మెయిల్ వచ్చిన చిరునామా తర్వాత భూతద్దం పెట్టి చూశాను. చిన్న ‘ఎమ్’ ఉండాల్సిన చోట ‘ఆర్’, ‘ఎన్’ అక్షరాలు పక్కపక్కనే ఉన్నాయి. కలిపి చూస్తే ‘ఎమ్’ లాగే ఉంటుంది. మీలో ఎవరికైనా కనపడేదా? నిజం చెప్పండి. యాభై ఎనిమిదేళ్ల మనిషికి, రోజుకు రెండొందల చీటీలు చూసే కళ్లకు కనపడుతుందా?

బాబాయ్ డబ్బు పంపారు. మర్నాడు పొద్దున ఆయనే, యంత్రం ఎప్పుడు బయల్దేరుతుందో కనుక్కుందామని కోయంబత్తూరు ఫోన్ చేస్తే, ‘మా ఖాతా మారలేదండీ, ఏ డబ్బు?’ అన్నారు.

అది రెండో శనివారం. ఆ తర్వాత ఆదివారం. బ్యాంకులు మూసి ఉన్నాయి కాని డబ్బు ప్రయాణం ఆగదు, పెద్ద మొత్తాలు బ్యాంకు నుంచి బ్యాంకుకు పంపే ఆర్టీజీఎస్ 2020 డిసెంబరు నుంచి ఇరవై నాలుగు గంటలూ నడుస్తోంది. దొంగలకు సెలవుల లెక్క మనకంటే బాగా తెలుసు. 2016 ఫిబ్రవరిలో ఆ దేశపు కేంద్ర బ్యాంకు అయిన బంగ్లాదేశ్ బ్యాంకును కొల్లగొట్టినవాళ్లు గురువారం రాత్రి మొదలుపెట్టారు. శుక్ర, శనివారాలు ఢాకాలో సెలవు, శని, ఆదివారాలు డబ్బున్న న్యూయార్క్‌లో సెలవు, సోమవారం డబ్బు చేరిన మనీలాలో చైనీయుల కొత్త సంవత్సరం. 95 కోట్ల డాలర్లకు ఎసరు పెట్టి 8 కోట్ల 10 లక్షలు పట్టుకుపోయారు. శ్రీలంకకు వెళ్లాల్సిన రెండు కోట్ల డాలర్లు మాత్రం ‘ఫౌండేషన్’ అనే మాటకు స్పెల్లింగ్ తప్పు రాయడం వల్ల ఆగాయి. చదివి అనుమానించిన ఒక ఉద్యోగి వల్ల ఆగాయి! ఉద్యోగే బలహీనమైన చోటు అంటున్నామే, ఇది ఎవరి ఖాతాలో వేద్దాం?

మళ్లీ మా కొట్టుకు వస్తాను. బాబాయ్‌కి సంగతి శనివారం పొద్దున తెలిసింది. నాకు సోమవారం పదకొండింటికి చెప్పారు. అప్పుడు సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేశాం. ఆ నంబరుకు చేస్తే ఫిర్యాదు నేరుగా సంబంధిత బ్యాంకులకు వెళ్తుంది, డబ్బు ఏ ఖాతాలో ఉంటే అక్కడ ఆపేస్తారు, అక్కణ్నుంచి ఇంకో ఖాతాకు పోతే ఆ బ్యాంకుకు కబురు వెళ్తుంది. ఎంత త్వరగా చేస్తే అంత దొరుకుతుంది. మాకు దొరికింది లక్షా పన్నెండు వేలు. మిగతాది ఎన్నో చేతులు మారి నగదుగా బయటికి పోయింది. మన బ్యాంకు వాళ్లు, ‘మీరే పంపారు కదండీ’ అన్నారు. కంపెనీ పేరు సరిగ్గానే రాశాం, నంబరు ఇంకొకడిది అయితే ఎలా వెళ్లిందని అడిగాను. అప్పట్లో నెఫ్ట్‌లో, ఆర్టీజీఎస్‌లో నంబరే చూసేవారు, పేరు చూసేవారు కాదు. పంపేముందు ఆ ఖాతా ఎవరి పేరు మీద ఉందో చూపించే ఏర్పాటు చేయమని రిజర్వు బ్యాంకు గడువు పెట్టింది 2025 ఏప్రిల్ 1. ఇప్పుడు ఉంది, వాడండి.

అప్పుడు నేను ఏం చేశానో చెప్పాలి. గొంతు చించుకుని అరిచాను. ముప్పై అయిదేళ్లుగా మా ఉప్పు తిన్నావు అన్నాను. మా నాన్నగారు ఎప్పుడూ అనని మాట. మర్నాడు బాబాయ్ గుడ్డ సంచీతో వచ్చి, నా బల్ల మీద పోస్టాఫీసు డిపాజిట్ పుస్తకం పెట్టారు. అమ్మాయి పెళ్లికి దాచిన నాలుగు లక్షలు. ‘బాబూ, నా దగ్గరున్నది ఇంతే’ అన్నారు. నేను తీసుకున్నాను. ఇది మీ అందరి ముందు చెప్పాలనే ఇవాళ ఈ ఉపన్యాసానికి ఒప్పుకున్నాను. నేను ఆ పుస్తకం తీసుకుని బీరువాలో పెట్టాను. ఆయన మెట్లు దిగి వెళ్లిపోయారు. నెలల తరబడి మా కొట్టు వైపు రాలేదు.

జులైలో నా ఫోన్ నిండిపోయిందని పాత మెసేజ్‌లు తీసేస్తున్నాను. మార్చి 10 నాటి బ్యాంకు మెసేజ్ కనపడింది. ఓటీపీ ఆరంకెలు, పక్కనే 18,40,000 రూపాయలు, కింద ఖాతా చివరి నాలుగంకెలు. ఆ రోజు నేను తెనాలిలో పెళ్లిలో ఉన్నాను. తలంబ్రాలు పోస్తున్నారు, సన్నాయి మోగుతోంది. బాబాయ్ ఫోన్ చేసి, ‘బాబూ, ఓటీపీ వచ్చింది చూడండి’ అంటే ఆరంకెలు చదివి పెట్టేశాను. పక్కన ఉన్న మొత్తం చదవలేదు. ఎవరికని అడగలేదు.

అంతే కాదు. మా ఖాతాకు బ్యాంకు రెండు చేతుల పద్ధతి పెట్టింది. మేకర్ ఎక్కించాలి, చెకర్ చూసి ఒప్పుకోవాలి. చెకర్ని నేను. తీరిక లేదని నా పాస్‌వర్డు చీటీ మీద రాసి బాబాయ్‌కే ఇచ్చాను. ఆ చీటీ ఆయన బల్ల అద్దం కింద, తిరుపతి వెంకన్న పటం పక్కన ఉండేది. ఒకే మనిషితో రెండు సంతకాలూ పెట్టించి, తప్పు జరిగాక ఆ మనిషి దాచుకున్న డబ్బు తీసుకున్నాను.

ఇక్కడున్న యజమానుల్లో ఎంతమంది మేకర్, చెకర్ రెండూ గుమాస్తాకే ఇచ్చారు? చేతులెత్తమని అడగను. ఎంతమంది డిజిటల్ సంతకం పెన్‌డ్రైవ్ ఆడిటర్‌గారి ఆఫీసులో డ్రాయరులో వదిలేశారు? ఇవాళ ఇంటికెళ్లి తెచ్చుకోండి.

ఆ జులైలో పుస్తకం తీసుకుని బాబాయ్ ఇంటికి వెళ్లాను. ఒకటే అడిగాను, రెండు రోజులు ఎందుకు చెప్పలేదని. ఆయన వెంటనే జవాబివ్వలేదు. పిన్ని మజ్జిగ ఇచ్చింది. కాసేపటికి, ‘కాటా దగ్గర కుర్రాణ్ని చూశాను బాబూ’ అన్నారు. ముందు వారం మా కాటా దగ్గర ఒక కుర్రాడు 46 టిక్కీల చీటీని 64 అని రాశాడు. రైతుల ముందే వాణ్ని నిలబెట్టి తిట్టి, ఆ నెల జీతంలో కోశాను. బాబాయ్ గుమ్మంలో నిలబడి చూశారు. ఇరవై ఏళ్ల కుర్రాడికి చీటీకే అలా అయితే, పద్దెనిమిది లక్షలకు నా గతేమిటి అనుకున్నారు. దారి వెతుక్కుంటూ, తెలిసినవాళ్లను బతిమాలుకుంటూ రెండు రోజులు ఒక్కరే తిరిగారు. డబ్బు ఆ రెండు రోజుల్లో పోయింది.

సైబర్ ఘటన గమనించిన ఆరు గంటల్లో తనకు చెప్పాలని 2022 ఏప్రిల్‌లో సైబర్ భద్రత చూసే కేంద్ర సంస్థ సెర్ట్-ఇన్ కంపెనీలన్నిటికీ నిబంధన పెట్టింది. నా కొట్టులో నాకే చెప్పడానికి నలభై ఎనిమిది గంటలు దాటింది. ఏ సాఫ్ట్‌వేర్ కొంటే ఆ గంటలు తగ్గుతాయి? నేను కొన్నాను, ఏడాదికి ముప్పై వేలు కడుతున్నాను. కడుతూనే ఉండాలి. కాని యజమాని నోటికి భయపడే మనిషిని అది మాట్లాడించలేదు.

స్కాట్లండ్‌లో గ్లాస్గోలో ఒక మీడియా సంస్థలో ఇలాగే జరిగింది. యజమాని పేరుతో వచ్చిన దొంగ మెయిళ్లు నమ్మి 2015లో ఒక ఉద్యోగిని డబ్బు పంపింది. ఆమెను తీసేశారు, దాదాపు లక్షా ఎనిమిది వేల పౌండ్లు కట్టమని కోర్టుకు లాగారు. 2019లో కోర్టు ఆమె కట్టనక్కర్లేదంది. నాలుగేళ్లు ఆ మనిషి ఏం తిని ఎలా పడుకుందో నేను ఊహించగలను, నా బీరువాలో ఒక పుస్తకం నాలుగు నెలలు ఉంది కాబట్టి.

మన హైదరాబాద్‌లోనే 2022 జనవరిలో మహేష్ బ్యాంకు నుంచి 12 కోట్లకు పైగా పోయింది. ఉద్యోగులకు రెండొందలకు పైగా దొంగ మెయిళ్లు వచ్చాయని, ఇద్దరు తెరిచారని పోలీసులు చెప్పారు. అన్ని మెయిళ్లు పంపితే ఇద్దరు తెరవరా? ఎక్కడైనా తెరుస్తారు. ఇద్దరు తెరిచినా నిలబడేటట్టు కట్టుకోవడం యజమాన్యం పని.

ఇప్పుడు మెయిల్ కూడా అక్కర్లేదు. 2024లో హాంకాంగ్‌లో అరప్ అనే ఇంజనీరింగ్ కంపెనీ ఉద్యోగి వీడియో కాల్‌లో పై అధికారిని, సహోద్యోగులను చూశాడు, వాళ్ల గొంతులు విన్నాడు. అందరూ కంప్యూటర్ పుట్టించిన బొమ్మలే. పదిహేను విడతల్లో 20 కోట్ల హాంకాంగ్ డాలర్లు పంపాడు. రేపు నా గొంతుతో నా కొట్టుకు ఫోన్ వస్తుంది. అందుకే మా దగ్గర ఒక పద్ధతి పెట్టాం. ఖాతా నంబరు మారిందని ఎవరు చెప్పినా, నేను చెప్పినా సరే, పాత రిజిస్టరులో ఉన్న నంబరుకు మనమే తిరిగి ఫోన్ చేసి అడగాలి. వచ్చిన ఫోన్ మీద, మెయిల్‌లో ఇచ్చిన నంబరు మీద నమ్మకం లేదు. పోయిన సీజనులో నేను విజయవాడ నుంచి హడావుడిగా ఫోన్ చేస్తే, కాటా దగ్గర ఆ కుర్రాడే, ఇప్పుడు ఎకౌంట్స్‌లో ఉన్నాడు, ‘అన్నా, పెట్టేయండి, నేను చేస్తాను’ అన్నాడు. పెట్టేశాను. చేశాడు. జీతం పెంచాను.

బాబాయ్ అక్టోబరులో తిరిగొచ్చారు, పూట పనికి. రావాలని నేను అడగలేదు, అడిగే మొహం లేదు. అమ్మాయి పెళ్లి శుభలేఖ పట్టుకుని వచ్చి, పద్దులు ఎలా ఉన్నాయో చూద్దామని కూర్చున్నారు. ఇవాళ రమ్మన్నాను, ఇలాంటి చోట్లకు రానన్నారు. బదులుగా ఒక కాగితం రాసిచ్చారు, ఆయన చేతిరాత, చిట్టా రాసిన ఆ గుండ్రటి అక్షరాలే. పైన పెద్దగా 1930. కింద మన బ్యాంకు మేనేజరు ఫోన్ నంబరుకు ఖాళీ. దాని కింద, ‘ఏదైనా తేడా జరిగితే ఆ నిమిషమే చెప్పండి, ఎవరూ ఏమీ అనరు’ అని, ఆ తర్వాత యజమాని సంతకానికి గీత. ఆ సంతకం ముఖ్యమని చెప్పమన్నారు. ఫొటోకాపీలు బయట టీ బల్ల మీద ఉన్నాయి. తలా రెండు తీసుకోండి, ఒకటి కొట్టుకి, ఒకటి కోల్డ్ స్టోరేజీకి. పెన్నులు కూడా అక్కడే పెట్టించాను.