కొడైకెనాల్ నుంచి వచ్చాక తమ్ముడికి నిద్ర లేదు

యాంకర్: నమస్తే అండి, లైన్లో ఉన్నారు. ఎక్కడి నుంచి మాట్లాడుతున్నారు?

కాలర్: నిజామాబాద్ నుంచి మేడం. పేరు వద్దు. మా తమ్ముడి గురించి అడగాలి. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. దసరా సెలవులకు ఫ్రెండ్స్‌తో కొడైకెనాల్ వెళ్లొచ్చాడు. అప్పట్నుంచి మనిషి మనిషిలా లేడు.

డాక్టర్: నమస్తే అమ్మా. ఏం తేడా కనిపిస్తోంది?

కాలర్: రాత్రంతా మేలుకునే ఉంటాడు సర్. ట్యూబ్‌లైట్ వేయనివ్వడు. బాత్రూమ్ టైల్స్ మీద పువ్వులు కదులుతున్నాయంటాడు. అమ్మ దిష్టి తీసింది, తాయెత్తు కూడా కట్టించింది. నేను గట్టిగా నిలదీస్తే నిన్న చెప్పాడు, అక్కడ మ్యాజిక్ మష్రూమ్స్, అదే మత్తెక్కించే పుట్టగొడుగులు, తిన్నాడట. పక్కనే ఉన్నాడు, స్పీకర్ పెడుతున్నా.

డాక్టర్: బాబూ, నేను తిట్టను. జరిగింది జరిగినట్టు చెప్పు.

తమ్ముడు: వరసగా రెండు రోజులు తిన్నాం సర్. మొదటి రోజు బాగానే ఉంది. రెండో రోజు ఎక్కట్లేదని ఇంకొన్ని తిన్నా. తర్వాత చచ్చిపోతున్నానేమోనని ఒకటే భయం.

డాక్టర్: రెండో రోజు అంతగా ఎక్కదు, మెదడు దానికి అప్పటికే అలవాటు పడిపోతుంది. అది తెలియక మోతాదు పెంచేస్తారు. అందులో ఉండే సైలోసైబిన్ ఒంట్లోకి వెళ్లి సైలోసిన్‌గా మారుతుంది. మెదడులో సెరటోనిన్ అనే రసాయనం పనిచేసే చోట్ల అదీ పనిచేస్తుంది. గంటలోపు మొదలై నాలుగు నుంచి ఆరు గంటల్లో దిగిపోవాలి. ఇప్పుడు ఇంకా ఏమేం ఉన్నాయి?

తమ్ముడు: బండ్ల లైట్ల వెనక తోకల్లా గీతలు కనిపిస్తాయి సర్. ఉన్నట్టుండి గుండె దడ. నిద్ర కోసం గంజాయి తాగుతున్నా, దాదాపు రోజూ.

డాక్టర్: ఇదిగో, నాకు పేచీ ఇక్కడే. పుట్టగొడుగులు మద్యంలాగానో గంజాయిలాగానో రోజూ కావాలనిపించవు. వాటి తర్వాత వచ్చే భయాన్ని అణచడానికి పట్టుకునేది వదలదు. పైగా నీకు కనిపిస్తున్న ఆ గీతల్ని గంజాయి మళ్లీ మళ్లీ రేపుతుంది. సరే, చెవిలో ఎవరో మాట్లాడుతున్నట్టు, ఎవరో నిన్ను గమనిస్తున్నట్టు ఉంటోందా? చనిపోవాలని అనిపించిందా?

తమ్ముడు: లేదు సర్. టైల్స్ నిజంగా కదలవని నాకు తెలుసు.

డాక్టర్: ఆ తెలివిడి ఉండటం మంచి సూచన. అమ్మా, మీ ఇంట్లో ఎవరికైనా మానసిక జబ్బు ఉందా?

(కాసేపు మౌనం)

కాలర్: మా మేనమామ ఎర్రగడ్డ ఆసుపత్రిలో ఉండొచ్చారు సర్. ఇంట్లో ఎవరూ ఆ మాట ఎత్తరు.

డాక్టర్: ఎత్తాలమ్మా. రక్తసంబంధీకుల్లో స్కిజోఫ్రెనియా గానీ బైపోలార్ గానీ ఉంటే, ఇలాంటివి తిన్నప్పుడు ఆ జబ్బు బయటపడే ప్రమాదం ఎక్కువ. ఈ వారంలోనే సైకియాట్రిస్ట్‌కి చూపించండి.

తమ్ముడు: కానీ సర్, డిప్రెషన్‌కి ఇవే మందు అని యూట్యూబ్‌లో చెప్తున్నారు కదా?

డాక్టర్: సగం చెప్తారు. ఆస్ట్రేలియాలో 2023 జులై నుంచి, మందులకు లొంగని డిప్రెషన్‌కి, ప్రత్యేక అనుమతి ఉన్న సైకియాట్రిస్టులు సైలోసైబిన్ ఇవ్వొచ్చు. మనిషి పక్కన కూర్చుని గంటల తరబడి కనిపెట్టుకుని ఉంటారు. కుటుంబంలో సైకోసిస్, అంటే నిజమేదో భ్రమేదో తెలియని జబ్బు, ఉన్నవాళ్లను పరిశోధనల్లోకే సాధారణంగా తీసుకోరు. నిన్నూ తీసుకోరు.

తమ్ముడు: మరి ఇది తగ్గుతుందా సర్?

డాక్టర్: చాలామందికి ఈ గీతలు, కదలికలు కొన్ని వారాల్లోనో నెలల్లోనో పలచబడతాయి. కొందరికి ఎక్కువ కాలం ఉంటాయి, వాటికీ వైద్యం ఉంది. గంజాయి, మద్యం రెండూ ఆపు. ఆపిన మొదటి వారం నిద్ర ఇంకా చెడుతుంది, చిరాకు వస్తుంది. అది తెలిసి ఉంటే మళ్లీ దానివైపు పోవు. మెడికల్ షాపులో అడిగి నిద్రమాత్రలు కొనుక్కోవద్దు. రాత్రిపూట బండి నడపకు. అమ్మా, అనుమానాలు మొదలైనా, తనలో తాను మాట్లాడుకున్నా, రెండు రాత్రులు నిద్ర లేకపోయినా హుషారుగా తిరుగుతున్నా అపాయింట్‌మెంట్ కోసం ఆగకండి. అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి. అర్ధరాత్రి టెన్షన్ వస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి. తెలుగులో మాట్లాడతారు, డబ్బులేమీ కట్టక్కర్లేదు.

కాలర్: పోలీసులకు, ఆఫీసుకు తెలిసిపోతుందేమో సర్?

డాక్టర్: సైలోసైబిన్ మత్తుపదార్థాల చట్టం ఎన్డీపీఎస్ కింద నిషేధమే, అందులో సందేహం లేదు. కానీ పేషెంట్ సంగతులు గోప్యంగా ఉంచాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెప్తోంది. డాక్టర్ దగ్గర దాచితేనే నష్టం. గంజాయి సంగతి చెప్పకపోతే మందులు తప్పుగా రాసే ప్రమాదం ఉంది.

కాలర్: అమ్మకి ఏం చెప్పమంటారు?

డాక్టర్: తాయెత్తు ఉండనివ్వండి, దాని మీద గొడవ పెట్టుకోకండి. మీ మేనమామ వాడిన మందుల చీటీలు ఇంట్లో ఎక్కడైనా ఉంటే మాత్రం అమ్మని అడిగి వెతికించండి. వెళ్లేటప్పుడు అవి కూడా పట్టుకెళ్లండి.

యాంకర్: థ్యాంక్యూ అండి. తర్వాతి కాల్ ఒంగోలు నుంచి... హలో, టీవీ సౌండ్ కాస్త తగ్గించండి సార్.