లామార్ జాక్సన్ చేతులు కట్టేసిందెవరు?

[తెరపై: 2024 జనవరి 28, బాల్టిమోర్. కాన్సాస్ సిటీ చీఫ్స్ 17, రేవెన్స్ 10]

అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు బాల్టిమోర్ రేవెన్స్ అభిమానుల్లో ఎవరినైనా ఈ ఆట గురించి అడిగి చూడండి, ముఖం మాడిపోతుంది. నాదీ అదే పరిస్థితి. సొంత మైదానం, గెలిస్తే సూపర్ బౌల్, అంటే లీగ్ ఫైనల్. ఆ సీజన్లో పరుగు ఆటలో లీగ్‌లోకెల్లా మొదటి జట్టు మనదే. అలాంటి రోజున బంతి పట్టుకుని పరిగెత్తే రన్నింగ్ బ్యాక్‌ల చేతికి బంతి అందింది ఆరంటే ఆరు సార్లు! బంతి అందించే, విసిరే మన క్వార్టర్‌బ్యాక్ లామార్ జాక్సన్ చేత మాత్రం 37 సార్లు విసిరించారు.

అతని ప్రతిభ పూర్తిగా బయటికి రావాలంటే ఎక్కువగా విసరనివ్వాలని చాలామంది అంటారు. నేను ఒప్పుకోను. ఎందుకో చెప్పాలంటే కాస్త లెక్క చూడాలి.

[తెరపై: 11 నీలి చుక్కలు, 11 ఎర్ర చుక్కలు]

మామూలు పరుగు ఆటలో క్వార్టర్‌బ్యాక్ బంతి అందించి పక్కకు తప్పుకుంటాడు. అక్కడితో అతని పని అయిపోయినట్టే. అంటే మన వైపు పది మంది, ఎదుట పదకొండు మంది. ఆ ఒక్కడు ఎప్పుడూ ఎక్కువే.

[తెరపై: చివర నిలబడిన ఒక ఎర్ర చుక్క వెలుగుతుంది]

లామార్ ఉంటే ఈ చివరి డిఫెండర్‌ను ఎవరూ అడ్డుకోరు, కావాలనే వదిలేస్తారు. లామార్ బంతిని రన్నింగ్ బ్యాక్ పొట్ట దగ్గర పెట్టి, చూపు మాత్రం ఇతని మీదే ఉంచుతాడు. ఇతను రన్నింగ్ బ్యాక్ వైపు దూకితే లామార్ బంతి లాక్కుని బయటి నుంచి పరిగెడతాడు. కదలకుండా ఉంటే బంతిని రన్నింగ్ బ్యాక్‌కే వదిలేస్తాడు. పాపం, ఆ డిఫెండర్‌ది రెండు పడవల మీద కాళ్లు పెట్టిన బతుకు. ఇలా పరుగును ఆపడానికి వెనక ఉన్నవాళ్లు కూడా ముందుకు వచ్చేస్తే, మైదానం మధ్యలో పాస్‌కు దారి తెరుచుకుంటుంది. లామార్ విసురుడుకు సగం బలం ఆ భయంలోనే ఉంది.

జట్లు కొత్త ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే 2018 డ్రాఫ్ట్‌కు ముందు అతన్ని పాస్‌లు అందుకునే రిసీవర్‌గా మారమన్న పెద్దలు కూడా ఉన్నారు. చివరికి మొదటి రౌండ్ ఆఖరి ఎంపికగా, 32వ స్థానంలో రేవెన్స్‌కు దొరికాడు. 2019లో దాడి కోచ్ గ్రెగ్ రోమన్ దాడి మొత్తాన్నీ ఈ లెక్క మీదే కట్టాడు. లామార్ 1,206 గజాలు పరిగెత్తాడు, 36 టచ్‌డౌన్ పాస్‌లు (ప్రత్యర్థి గీత దాటించి ఆరు పాయింట్లు తెచ్చేవి) విసిరి అందులోనూ లీగ్‌లో మొదటివాడయ్యాడు. సీజన్లో అత్యుత్తమ ఆటగాడికిచ్చే ఎంవీపీ ఓట్లలో ఒక్కటి కూడా పక్కకు పోలేదు.

అయితే రోమన్ పద్ధతిలో పాస్ ఆట ఇరుకు. 2021, 2022 సీజన్లను లామార్ గాయాలతో ముగించాడు. 2023లో రోమన్ స్థానంలో వచ్చిన టాడ్ మాంకెన్ రిసీవర్లను మైదానమంతా పరిచాడు, ఆట మొదలయ్యే గీత దగ్గర నిలబడి ఎత్తుగడను మార్చుకునే అధికారం లామార్‌కు ఇంకాస్త ఇచ్చాడు. రెండో ఎంవీపీ వచ్చింది. ఇంత చేసిన మాంకెన్ కూడా చీఫ్స్ ముందు, పది పాయింట్ల తేడాకే కంగారుపడి, పరుగును మూలన పడేశాడు. వెనకబడిన జట్టు విసరక తప్పదంటారు. రెండో సగంలో చీఫ్స్ ఒక్క పాయింటు కూడా చేయలేదు, మరి తొందర దేనికి?

[తెరపై: డెరిక్ హెన్రీ, 2024]

2024లో రన్నింగ్ బ్యాక్ డెరిక్ హెన్రీ రాకతో తేడా కళ్లకు కట్టింది. అతను 1,921 గజాలు పరిగెత్తిన సీజన్లోనే లామార్ 4,172 గజాలు విసిరాడు: 41 టచ్‌డౌన్‌లు, నాలుగే ఇంటర్‌సెప్షన్‌లు (ఎదుటివాళ్లు పట్టేసిన పాస్‌లు). పరుగు పెరిగితే పాస్ తగ్గుతుందనేవాళ్లు ఈ అంకెలకు ఏం చెబుతారో వినాలని ఉంది.

ఆ సీజన్ ప్లేఆఫ్స్‌లోనూ బఫెలోలో బిల్స్ జట్టు చేతిలో 27-25తో ఓడిపోయాం. మొదటి సగంలో రెండుసార్లు బంతి పోగొట్టింది లామారే, దాచేదేముంది. కానీ చివర్లో మైదానం పొడవునా జట్టును నడిపించి టచ్‌డౌన్ తెచ్చాడు. టచ్‌డౌన్ తర్వాత దొరికే అదనపు ప్రయత్నంలో, స్కోరు సమం చేయాల్సిన రెండు పాయింట్ల పాస్ మన మార్క్ ఆండ్రూస్ చేతుల్లోంచి జారిపోయింది. ఆ ఓటమి మీద నాకు బాధ ఉంది, ఫిర్యాదు లేదు. నా ఫిర్యాదంతా ఆ ఆరు పరుగుల మీదే.