రెండో స్థానం దగ్గర మొదలైన ఆత్మకథ

సభకు నమస్కారం.

విజేతలు రాసుకునే ఆత్మకథల్లో ఓటమికి దక్కేది సాధారణంగా ఒక చిన్న అధ్యాయం, అదీ తర్వాతి గెలుపుకు వన్నె తేవడానికే. అమెరికా క్రాస్‌ఫిట్ క్రీడాకారుడు రిచ్ ఫ్రోనింగ్ 2013లో వెలువరించిన ఆత్మకథ గురించి ఇవాళ మాట్లాడాలనుకున్నది, నా దృష్టిలో అందులో ఓటమే అసలు కథ కావడం వల్ల.

2007లో కాలిఫోర్నియాలోని ఆరోమాస్ దగ్గర ఒక పశుక్షేత్రంలో చిన్నగా మొదలైన క్రాస్‌ఫిట్ గేమ్స్‌లో పరుగు, ఈత, జిమ్నాస్టిక్స్, బరువులెత్తడం కలగలిసి ఉంటాయి. ఏ పరీక్షలు పెడతారో క్రీడాకారులకు ముందుగా పూర్తిగా తెలియదు. ప్రతి పరీక్షలో వచ్చిన స్థానానికి పాయింట్లు కలిపి విజేతను తేలుస్తారు. (2000లో సిడ్నీలో మన కర్ణం మల్లీశ్వరి 130 కిలోలు ఎత్తిన క్లీన్ అండ్ జెర్క్, అంటే బరువును ముందు భుజాల దాకా, తర్వాత తలపైకి ఎత్తే పద్ధతి, ఇక్కడా తరచు కనిపిస్తుంది, కాకపోతే చాలాసార్లు అప్పటికే అలసిపోయిన ఒంటితో గడియారంతో పోటీపడుతూ ఎత్తాలి.) అందువల్ల ఒక్క విద్యలో ఆరితేరడం కంటే ఏ విద్యలోనూ తేలిపోకుండా ఉండటమే ఈ ఆటలో ముఖ్యం.

టెనెసీలోని కుక్‌విల్‌లో పెరిగిన ఫ్రోనింగ్ 2010లో తొలిసారి కాలిఫోర్నియాలోని కార్సన్ నగరంలో ఈ పోటీకి వచ్చి, పెద్దగా పేరులేని కుర్రవాడిగా అందరినీ ఆశ్చర్యపరుస్తూ ముందంజలో నిలిచి, చివరి ఈవెంట్‌లో తాడు ఎక్కవలసి వచ్చినప్పుడు చిక్కుకుపోయారు. తాటిచెట్టు ఎక్కే గీత కార్మికుడు పాదాలకు బంధం వేసుకుని బరువును కాళ్ల మీదికి మళ్లించినట్టు, తాడును కాళ్ల మధ్య బిగించి ఎక్కే పద్ధతి ఒకటుంది. అది తెలియని ఫ్రోనింగ్ కేవలం చేతుల బలంతో ఎగబాకి, పట్టు సడలి జారిపోయి, చివరికి గ్రాహం హోంబర్గ్ తర్వాత రెండో స్థానంతో సరిపెట్టుకున్నారు.

తొలి ప్రయత్నంలోనే ప్రపంచంలో రెండోవాడు కావడం చిన్న సంగతేమీ కాదు. అయినా అది ఆయనను కుంగదీసింది. గెలుపు లేకపోతే తానెవరన్న ప్రశ్న ఎదురైంది. ఆ వెతుకులాటలో ఆయనకు దొరికిన ఆధారం బైబిల్‌లోని గలతీయులకు వ్రాసిన పత్రిక 6:14, అంటే క్రీస్తు సిలువయందు తప్ప మరి దేనియందును అతిశయించనన్న పౌలు మాట. ఆ వాక్యం సంఖ్యను ఆయన తన పక్కటెముకల మీద పచ్చబొట్టుగా పొడిపించుకున్నారు. చొక్కా లేని ఆ దేహాన్ని చూసి వేలమంది కేరింతలు కొడుతుంటే, అతిశయం కూడదన్న హెచ్చరిక అదే దేహం మీద ఉండటంలోని వైరుధ్యం నాకు ఈ కథలో అన్నిటికన్నా ఆసక్తికరం.

ఇక్కడ ఒక పొరపాటు అభిప్రాయానికి తావుంది: విశ్వాసం పెరిగింది కాబట్టి గెలుపు వచ్చిందని. 2010లో ఆయనను ఓడించిన హోంబర్గ్ కూడా తన క్రైస్తవ విశ్వాసాన్ని దాచుకోని మనిషే. దేవుడు వారిద్దరిలో ఒకరి పక్షం వహించాడని చెప్పడం ఆటకూ భక్తికీ కూడా న్యాయం కాదు. తాడు ఎక్కడాన్ని నేర్పింది సాధన. రోజుకు ఒకటికి మించిన వ్యాయామాలతో, విశ్రాంతి దినాలను పెద్దగా పట్టించుకోకుండా ఆయన చేసిన ఆ కఠోర సాధన అందరికీ ఆదర్శమని నేననను. అది ఆ దేహానికి సరిపోయింది, అంతే. విశ్వాసం చేసిన పని వేరు. ఓడినా తన విలువ తగ్గదన్న భరోసాను అది ఇచ్చింది, ఆ భరోసా ఉన్నవాడు బరిలో భయపడే అవసరం తగ్గుతుంది.

2011 నుంచి 2014 వరకు వరుసగా 4 సార్లు ఆయన వ్యక్తిగత విజేత అయ్యారు. అయితే పుస్తకం ఆ విజయాల మధ్యలో వచ్చింది కనుక, అతిశయం గురించి అందులో ఉన్న మాటలన్నీ గెలుస్తున్న మనిషి మాటలే. ఆ తర్వాత ఆయన జట్టు పోటీలకు మారి 2015, 2016లలో గెలిచారు. 2017లో ఆయన జట్టు రెండో స్థానంలో నిలిచింది. ఈసారి తాడు కారణం కాదు, కొత్తదనం సాకూ లేదు. ఫ్రోనింగ్ మరో సంపుటి రాస్తే నేను ముందుగా తెరిచేది ఆ ఏడాది గురించిన అధ్యాయాన్నే.